జ్వరమని చెప్పాను

మాది గూడూరు. మా జేజి కాలం నుంచి మా ఇంట్లో గాజుల వ్యాపారమే. ముసల్మానులమే అయినా మేము ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే. ఇంటి ముందుగదిని కొట్టుగా మార్చుకున్నాం. కొట్టు మా ఆయన చూసుకుంటాడు. పెళ్ళిళ్ళకూ సీమంతాలకూ పల్లెలకు పోయి గాజులు తొడిగేది నేను. ఆయన బండి మీద దించుతాడు, పని అయ్యేదాకా బయట కూర్చుంటాడు, మళ్ళీ ఎక్కించుకుని వస్తాడు.

గాజులు ఎవరైనా అమ్ముతారు, తొడగడం మాత్రం వేరే పని. ఎదుటి మనిషి చెయ్యి మన చేతిలోకి తీసుకోవాలి. బొటనవేలి మొదట్లో ఎముకను లోపలికి ఒత్తి, చెయ్యి మెత్తబడేదాకా పిసకాలి. ఆ మాటా ఈ మాటా చెబుతూ ఉండాలి. ఆ పిల్ల నవ్వుతూ ఉండగానే గాజు పిడికిలి దాటి మణికట్టు మీదికి జారిపోవాలి. నా చేతులు చల్లగా ఉంటాయని, నొప్పి తెలియదని ఆడవాళ్ళు మెచ్చుకునేవాళ్ళు. నా చేతుల మీద నాకు గర్వం ఉండేది.

ఆ చేతులకే ముందు చెమటలు పట్టడం మొదలైంది.

ఆ ఏడు ఎండాకాలం మొదట్లోనే నాకు ముట్లు ఆగిపోయాయి. ఎవరికీ చెప్పలేదు. అసలు ఎట్లా చెప్పాలో తెలియదు. ముట్టు వచ్చిందని చెప్పుకోవడానికి మా ఆడవాళ్ళకు ఎన్ని చాటుమాటలు ఉన్నాయో లెక్కలేదు. ఆగిపోయిందని చెప్పడానికి మాత్రం మా అమ్మ నోట కూడా ఒక్క మాట వినలేదు. ఆమెకు ఎప్పుడు ఆగిపోయిందో, అప్పుడు ఆమె ఎట్లా ఉండిందో నాకు తెలియనే తెలియదు. పైగా ఇంట్లో కొత్త కోడలు. మా వాడు తడ దగ్గర కంపెనీలో పని చేస్తాడు, తెల్లారకముందే కంపెనీ బస్సెక్కి పోతాడు. పెళ్ళై ఏడాది కావస్తోంది. ఇంట్లో పిల్లల మాట అందరి నోళ్ళలో నలుగుతున్నప్పుడు, నా కథ ముగిసిపోయిందని నేను ఏ మొహంతో చెప్పుకోను?

ఆ వేడి ఎట్లా ఉంటుందంటే, బిర్యానీ గిన్నె మూత తీసినప్పుడు ఆవిరి గుప్పున మొహానికి కొడుతుంది చూడండి, అట్లా. కాకపోతే ఆ గిన్నె మన రొమ్ములోనే ఉంటుంది. అక్కడ పుట్టి మెడ మీదుగా చెవుల్లోకి, మాడులోకి ఎక్కుతుంది. గుండె దడదడలాడుతుంది. ఉన్నట్టుండి చెమట కారిపోతుంది. కాసేపటికి అదే చెమట చల్లారి వణుకు పుడుతుంది. రాత్రుళ్ళు ఇంకా అన్యాయం. దిండూ జాకెట్టూ పిండితే నీళ్ళు కారేవి. మా ఆయనకు మెలకువ రాకుండా దిండు తిప్పేసి, తువ్వాలు పరుచుకుని పడుకునేదాన్ని. తెల్లారగానే దిండు గలీబు ఉతికి వెనక గోడ మీద ఆరేసేదాన్ని. “రోజూ గలీబు ఉతుకుతా ఉండావేంది అత్తా?” అని కోడలు అడిగితే, తలకు నూనె ఎక్కువైందని చెప్పాను.

ఎండాకాలమంతా గడిచిపోయింది. నెల్లూరు ఎండల్లో చెమట పట్టని మనిషి ఎవరు? అందరిలో నేనూ ఒకదాన్ని. వానలు వెనకపట్టి చలి మొదలయ్యాక దాక్కోవడానికి చోటు లేకపోయింది.

మాఘమాసంలో చిట్టమూరు అవతల ఒక పల్లె నుంచి పిలుపు వచ్చింది. పెళ్ళికూతుర్ని చేసే రోజు. పొద్దున్నే బయలుదేరాం. రొయ్యల గుంటల మీద ఇంకా మంచు ఉంది. మా ఆయన మఫ్లరు చుట్టుకున్నాడు. నేను వెనక కూర్చుని, ఆ చలిగాలి కొంగు కింద నుంచి దూరుతుంటే హాయిగా కళ్ళు మూసుకున్నాను.

పెళ్ళివారి హాల్లో చాపలు పరిచారు. పెళ్ళికూతురు మధ్యలో కూర్చుంది, చేతులకూ కాళ్ళకూ పసుపు. చుట్టూ ఆడవాళ్ళు, చలికి కొంగులు భుజాల చుట్టూ కప్పుకుని. వీడియో తీసే ఆయన ఒక పెద్ద లైటు తెచ్చి సరిగ్గా నా మొహానికి ఎదురుగా నిలబెట్టాడు. పెళ్ళికూతురి తండ్రి తాంబూలం పళ్ళెం పట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు.

మొదటి చేతికి గాజులు బాగానే ఎక్కాయి. రెండో చెయ్యి అందుకున్నాను. సగం గాజులు తొడిగేసరికి ఆ ఆవిరి వచ్చింది. ఎప్పుడూ వచ్చేదానికంటే పెద్దది. లైటు వేడి కూడా తోడైందేమో, చూస్తూ ఉండగానే నా గడ్డం మీద నుంచి చెమట చుక్క జారి ఆ పిల్ల ముంజేతి మీద పడింది. పసుపులో తడిగా గుండ్రటి మచ్చ ఏర్పడింది. కొంగుతో తుడవబోయాను. ఇంకో చుక్క పడింది.

“గాజులక్కా, మొహం తుడుచుకో. లైటుకి మెరస్తా ఉంది,” అన్నాడు వీడియో ఆయన.

అందరూ నన్ను చూశారు. పెళ్ళికూతురి మేనత్త ముందుకు వంగింది. ఆ ఇంట్లో పెత్తనమంతా ఆమెదేనని వచ్చినప్పుడే నాకు అర్థమైంది.

“ఏంది మే, ఈ చలిలో ఇట్లా కారిపోతా ఉండావు?” అంటూ నా మోచెయ్యి పట్టుకుని చూసింది. “అబ్బో, ఒళ్ళు సలసలా కాగతా ఉండాదే! జ్వరమా?”

ఆ మాటకు పిల్ల చటుక్కున చెయ్యి వెనక్కు లాక్కుంది. పిడికిలి మీద సగంలో ఉన్న గాజు టప్పుమంది. ఒక ముక్క ఆమె చేతిలో గుచ్చుకుంది. రక్తం బొట్టు పైకి తేలింది. “గాజు పెరిగిందమ్మా, ఏం కాదు, ఏం కాదు,” అంది మూలన కూర్చున్న ఒక ముసలామె. పెళ్ళింట్లో గాజు పగిలిందని అనరు. ఎవరో పసుపు తెచ్చి అద్దారు.

జ్వరం కాదమ్మా, నాకు ముట్లు నిలిచిపోయినాయి, అందుకే ఈ ఆవిర్లు. ఈ మాట నాలుక మీదికి వచ్చింది. ఆ ఆడవాళ్ళలో నా ఈడువాళ్ళు, నాకంటే పెద్దవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు అర్థం కాని సంగతి కాదు. కానీ వాకిట్లో పెళ్ళికూతురి తండ్రి ఉన్నాడు. వీడియో ఆయన కెమెరా దించి చూస్తున్నాడు. అది ఇంకా తిరుగుతూ ఉందో ఆగిందో నాకు తెలియదు. నా ఒంటి సంగతి ఆ కెమెరాలోకి పోయి, వాళ్ళు తరతరాలు చూసుకునే పెళ్ళి వీడియోలో ఉండిపోతుందని అనిపించింది.

“అవునమ్మా,” అన్నాను. “రాత్రి నుంచి జ్వరం.”

ఎందుకు అట్లా అన్నానో ఆ క్షణాన నాకు బాగా తెలుసు. జ్వరం ఎవరికైనా వస్తుంది. జ్వరంలో సిగ్గు లేదు.

మేనత్త మొహం మారిపోయింది. “రాత్రి నుంచి జ్వరమైతే పెళ్ళిబిడ్డ చెయ్యి పట్టుకోను ఎట్లా వచ్చినావు మే? కరోనాలో ఎంత పడినామో మర్చిపోయినావా? లేయ్, ముందు బయటికి పో. ఏయ్, పిల్లని తీసుకుపోయి చేతులు సబ్బేసి కడగండి!”

పెళ్ళికూతుర్ని లేపి పెరట్లోకి తీసుకుపోయారు. మిగతా ఆడవాళ్ళు నా నుంచి జరిగి కూర్చున్నారు. వాళ్ళలో ఇంకా ఎవరికీ గాజులు తొడగలేదు. నేను గాజుల పెట్టెలు అక్కడే పెట్టి, “మీరే ఎక్కించుకోండమ్మా,” అని లేచాను. పెరట్లో చెంబుతో నీళ్ళు పోస్తున్న చప్పుడు వినబడుతూనే ఉంది. ఎంతసేపు కడిగారో. నేను తాకిన చేతిని అంతసేపు కడిగారు.

బయట మా ఆయన పందిరి చివర టీ తాగుతున్నాడు. పెళ్ళికూతురి తండ్రి నాకంటే ముందే ఆయన దగ్గరికి పోయాడు. మంచి మనిషే, గొంతు పెంచలేదు. “జ్వరంతో ఉండే మనిషిని ఏసుకొచ్చినావే అన్నా,” అన్నాడు. మా ఆయన గ్లాసు కింద పెట్టి నా వైపు చూశాడు. ఆయనకు ఏమీ తెలియదు. అయినా చేతులు జోడించి, “తెలవక జరిగిపోయింది అన్నా, ఏమనుకోవద్దు,” అన్నాడు. అంతమందిలో మా ఆయన చేయని తప్పుకు చేతులు జోడించడం చూశాను. అప్పటిదాకా ఉన్నది ఒక సిగ్గు. దాని మీద ఇంకొకటి వచ్చి పడింది.

దారి పొడుగునా ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. “చెప్పుంటే రాకపోదుమే,” అన్నాడు అంతే. ఇంటికి రాకుండా నేరుగా ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గరికి తోలాడు. డాక్టరు నాలుక కింద థర్మామీటరు పెట్టి చూశాడు.

“జ్వరం లేదే!”

“ఆడ పెళ్ళింట్లో ఒళ్ళు కాలిపోయిందంట సార్. అందరూ చూసినారు,” అన్నాడు మా ఆయన.

“ఉండి తగ్గిందేమో. ఏమ్మా, ఇంకేమన్నా ఉందా?”

మా ఆయన పక్కనే నిలబడి ఉన్నాడు. “ఏం లేదు సార్. తగ్గినట్టుంది,” అన్నాను.

“ఎందుకైనా మంచిది, ఒక ఇంజక్షన్ వెయ్యండి సార్,” అన్నాడు మా ఆయన. నేను తెర వెనక్కి పోయి, లేని జ్వరానికి సూది పొడిపించుకున్నాను. ఆ రాత్రి ఆయన నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. చెమటతో తడిగా తగిలింది కాబోలు, “ఇంజక్షన్ పని చేసింది, జ్వరం విడిచింది,” అని నిమ్మళంగా పడుకున్నాడు.

ఆ మాట ఊళ్ళు తిరిగింది. గాజులామె జ్వరంతోనే పెళ్ళిళ్ళకు తిరగతా ఉందని. ఆ నెలలో ఒప్పుకున్న పెళ్ళిళ్ళవాళ్ళు ఒకరి వెనక ఒకరు ఫోన్ చేశారు, వేరేవాళ్ళను పిలుచుకున్నామని. మా ఆయన కొట్టులో నిలబడి, “ఇప్పుడు బాగుండాదమ్మా, పూర్తిగా తగ్గిపోయింది,” అని ఒక్కొక్కరికీ చెప్పేవాడు. నేను తెర ఇవతల కూర్చుని వినేదాన్ని. లేచి పోయి నిజం చెబితే ఆయనకు ఆ బతిమాలుకోవడం తప్పేది. లేవలేదు.

మాఘం వెనకే రంజాన్ నెల వచ్చింది.

ఒక సంగతి చెప్పాలి. ముట్టు వచ్చిన రోజుల్లో మా ఆడవాళ్ళు ఒక్కపొద్దు ఉండకూడదు. కానీ ఆ సంగతి మగవాళ్ళకు తెలియనివ్వకూడదు. అందుకని వంటింటి తలుపు ఓరగా వేసుకుని, చప్పుడు లేకుండా ఇంత తిని మూతి తుడుచుకుని బయటికి వస్తాం. అంతకుముందు ఏడు మా కోడలు కొత్తగా వచ్చినప్పుడు, మా ఇద్దరి రోజులూ కలిసి వచ్చాయి. ఇద్దరం పొయ్యి పక్కన గచ్చు మీద కూర్చుని, రాత్రి మిగిలిన అన్నంలో మజ్జిగ పోసుకుని, నవ్వాపుకుంటూ తిన్నాం. ఆ పిల్ల నాకు దగ్గరైంది అక్కడే.

ఈసారి ఆమె ఒక్కతే తిన్నది. తింటూ, “నీకెప్పుడత్తా?” అని అడిగింది. “వస్తుందిలే,” అన్నాను. రాలేదు. అబద్ధమాడి ఒక్కపొద్దు విడిచి, ముట్టు వచ్చినట్టు నటిద్దామా అని కూడా ఆలోచించాను. దేవుడికి భయపడి ఆ పని చేయలేదు. అన్ని ఒక్కపొద్దులూ ఉన్నాను. పగలంతా నీళ్ళు ముట్టకుండా, ఆ ఆవిర్లు వచ్చినప్పుడు గొంతు ఎండిపోయి నాలుక అంగిట్లో అతుక్కుపోయేది. ఒక మధ్యాహ్నం బట్టలుతికే బండ దగ్గర కళ్ళు తిరిగి, అక్కడే కూలబడి నెత్తిన నీళ్ళు పోసుకున్నాను. కోడలు చూసింది. నన్ను లేపి తీసుకొచ్చి పడుకోబెట్టింది.

ఆ తర్వాత మా వాడు నా మొహం చూడటం మానేశాడు. అన్నం పెడితే తల దించుకుని తిని లేచిపోయేవాడు. డ్యూటీలో అలసిపోతున్నాడు అనుకున్నాను.

రెండు మూడు రోజులు పోయాక, సాయంత్రం ఇఫ్తారుకు పళ్ళు కోస్తున్నాం. కోడలు కత్తి పక్కన పెట్టి, “అత్తా, ఒకటడిగితే కోప్పడవు గదా?” అంది.

“అడుగు.”

“నీళ్ళోసుకున్నావా?”

నా చేతిలో కర్బూజా ముక్క గచ్చు మీద పడింది. కడుపుతో ఉన్నావా అని నా కోడలు నన్ను అడుగుతోంది. “ఏం మాటలే అవి? నీకెవరు చెప్పినారు?” అన్నాను.

“ఎవరూ చెప్పలా. నీకు ముట్టు రాలేదు. ఊరికే చెమటలు. ఆ రోజు కళ్ళు తిరిగినాయి. నేనే అనుకున్నా.” పళ్ళెం వైపు చూస్తూ, “ఆయనతో కూడా అన్నా,” అంది.

“వాడితోనా!”

వాడు తల ఎందుకు దించుకుంటున్నాడో అప్పుడు అర్థమైంది. నా కొడుకు కొన్ని రోజులుగా నా గురించి ఏమనుకుంటున్నాడో తలుచుకుంటే ఎక్కడ మొహం పెట్టుకోవాలో తెలియలేదు. ఇక దాచడానికి ఏమీ లేదు. దాచినకొద్దీ ఇంకా అధ్వాన్నమైనది ఏదో ఒకటి పుడుతూ ఉంది.

గోడ వైపు తిరిగి చెప్పాను. “నిలిచిపోయినాయే. పోయిన ఎండాకాలం నుంచి రాలేదు. ఈ చెమటలూ ఆవిర్లూ అన్నీ అందుకే.”

తిరిగి చూస్తే ఆ పిల్ల కళ్ళ నిండా నీళ్ళు. “అంతేనా?” అంది. “నాకెంత భయమేసిందో తెలుసా అత్తా? ఇంకా నాకే లేదు. నీకొస్తే అందరూ నన్ను చూసి ఏమంటారోనని... నిన్ను చూస్తేనే ఏడుపొచ్చేది. అట్లా అనుకున్నందుకు నాకే సిగ్గేసేది.”

నా సిగ్గు దాచుకునే పనిలో పడి, ఆ పిల్ల పక్కనే ఇంత మోస్తోందని చూడనే లేదు. దగ్గరికి తీసుకున్నాను. నా చేతులు కర్బూజా రసంతో జిగటగా ఉన్నాయి.

“మా అమ్మకూ ఇట్లానే వచ్చినాయి,” అంది కాసేపటికి. “ఆమె అయితే వీధంతా చెప్పుకుంది. ఆవిరొస్తే దొడ్లోకి పోయి విసనకర్ర పట్టుకుని కూర్చునేది.” తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, “మరి ఆ పెళ్ళింట్లో జ్వరమని...” అంది.

“జ్వరం కాదు.”

“మామకి తెలుసా?”

“తెలీదు.”

“మామకి నువ్వే చెప్పాల. ఆయనకి నేను చెప్తాలే,” అంది, మా వాడి గురించి.

ఏం చెప్పిందో, ఎట్లా చెప్పిందో నేను అడగలేదు. మర్నాడు ఒక్కపొద్దు విడిచే వేళకు మా వాడు నా పక్కన కూర్చుని, ఎటో చూస్తూ, మంచినీళ్ళ గ్లాసు నా ముందుకు జరిపాడు. నేను కూడా ఎటో చూస్తూ తీసుకున్నాను.

పండగ పోయాక చాలా రోజులకు, తడ వైపు పులికాటు ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ ఊరి నుంచి పెళ్ళికి పిలిచారు. వాళ్ళ చెవిన ఆ జ్వరం మాట పడలేదనుకుంటా. బయలుదేరే ముందు మా ఆయన, “ఒళ్ళు బాగుండాది గదా?” అని అడిగాడు. ఆ మాట అడిగేటప్పుడు ఆయన మొహంలో భయం కనబడింది. మళ్ళీ ఎవరి ముందు చేతులు జోడించాల్సి వస్తుందోనని.

బండి మీద వెనక కూర్చుంటే ఆయనకు నా మొహం కనబడదు. ఊరు దాటాక చెప్పాను. “ఆ రోజు నాకు జ్వరం రాలేదు.”

“ఏందీ?” బండి నెమ్మదించాడు.

“నువ్వు ముందుకు చూసి తోలు. ఆపితే చెప్పను.”

చెప్పాను. గాలికి సగం మాటలు పోయుంటాయి. మిగతా సగంతో ఆయనకు అర్థమైంది. చెప్పినట్టే ముందుకు చూస్తూ తోలాడు.

“మరి ఆ ఇంజక్షన్?” అన్నాడు చివరికి.

“ఊరికే.”

“ఊరికే పొడిపించినానే!” అన్నాడు. ఆయన భుజాలు కదిలితే నవ్వుతున్నాడనుకున్నాను. నవ్వు కాదు. “మా అమ్మ తడిగోనె పరుచుకుని పడుకునేది,” అన్నాడు. “ఇల్లంతా తడి చేస్తా ఉండావని మా నాయన తిట్టేవాడు. ఆమె మాట్లాడేది కాదు. ఎందుకు తడుపుతా ఉందో మాకెవరికీ తెలీదు. ఇప్పుడు తెలిసింది.” ఇంకొంత దూరం పోయాక, “ఇంటికి పోదామా, గాజులకు పోదామా?” అని అడిగాడు.

“గాజులకే,” అన్నాను.

ఆ పెళ్ళింట్లో కూడా ఆవిరి వచ్చింది. రాకుండా ఎట్లా ఉంటుంది? చేతిలో ఉన్న గాజు పక్కన పెట్టి, పిల్ల చెయ్యి ఆమె ఒళ్ళో పెట్టి, “ఒక్క నిమిషం ఆగమ్మా. జ్వరం కాదు, ఆవిర్లు,” అన్నాను, ఆడవాళ్ళకు మాత్రమే వినబడేటట్టు. “నిలిచిపోయినాయా అక్కా నీకు?” అని ఒకామె గట్టిగా అడిగింది. పందిట్లో ఉన్న మగవాళ్ళకు కూడా వినబడే ఉంటుంది. ఇద్దరు పడుచుపిల్లలు మూతికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. నా చెవులు కాలిపోయాయి. అది ఆవిరో సిగ్గో నాకే తెలియలేదు. తలూపాను. ఆమె ఫ్యాను నా వైపు తిప్పి, “నాకూ రెండేళ్ళుగా ఇదే గోల,” అని మళ్ళీ తన మాటల్లో పడిపోయింది. చెమట ఆరిపోయాక చేతులు కడుక్కొచ్చి మిగతా గాజులు తొడిగాను.

చిట్టమూరు వైపు నుంచి ఇంతవరకూ మళ్ళీ పిలుపు రాలేదు. ఆ పెళ్ళికూతురి తండ్రి నంబరు మా ఆయన ఫోన్‌లో ఉంది. చేసి అసలు సంగతి చెప్పమని కోడలు పోరుతుంది. ఆయనతో నేనేం చెప్పను? ఆ మేనత్తతో చెప్పాలన్నా ముందు ఫోన్ ఎత్తేది ఆయనే. కోడలే నన్ను నెల్లూరులో లేడీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఇది జబ్బు కాదని, కొన్నేళ్ళు ఉండొచ్చని, మరీ భరించలేకపోతే మందులున్నాయని ఆమె చెప్పింది.

సిగ్గు పోయిందని అంటే అది ఇంకో అబద్ధమవుతుంది. ఆడవాళ్ళ మధ్య ఇప్పుడు చెప్పగలుగుతున్నాను, గొంతు తగ్గించి. మగవాళ్ళు ఉంటే ఇప్పటికీ, “కాస్త ఉక్కగా ఉందమ్మా,” అంటాను. రాత్రి దిండు తడిసినప్పుడు తువ్వాలు తెచ్చి ఇచ్చేది మా ఆయన. లైటు వెయ్యకుండా తెస్తాడు. వెయ్యొద్దని నేనే చెప్పాను.